మన్యం గింజ... డెల్టా గ్లాసు!

గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చిన మనిషి కాఫీ తాగకుండా వెళ్లిపోతే ఆ ఇంటికి చిన్నతనం. ఆ కాఫీలో చిక్కటి పాలుండాలి, రెండు చెంచాల పంచదారుండాలి, పైన నురగ తేలాలి. అలాంటి చోట పాలూ పంచదారా లేని కాఫీ మీద ఎవరికైనా మనసు పడితే? ఆ గింజ ఎక్కడిదని ఆరా తీస్తూ బయల్దేరితే? దారి బెంగళూరుకో, చిక్కమగళూరుకో కాదు... ఎదురుగా కనిపించే తూర్పుకనుమల్లోకి తీసుకెళ్తుంది!

రామచంద్రపురం పొద్దున్నే లేచే ఊరు. తెల్లవారుజామున పాలక్యాన్ల మోతతో మొదలవుతుంది సందడి. చుట్టూ వరిచేలు, కాలవలు, కొబ్బరిచెట్లు. రాజుల కోట ఉన్న ఊరు, ఒకప్పటి తాలూకా కేంద్రం. కాస్త దూరం వెళితే పంచారామాల్లో ఒకటైన ద్రాక్షారామ భీమేశ్వరాలయం. ఇటు కాకినాడ 30 కిలోమీటర్లు. కోటిపల్లి వెళ్లే రైలు పట్టాలూ ఈ ఊరి మీదుగానే పోతాయి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇనుము కోసం ఆ పట్టాల్ని పీకేశారు. 2004లో గానీ మళ్లీ వేయలేదు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు రామచంద్రపురం కోనసీమ జిల్లాలో చేరింది. నిజానికి ఊరుండేది గౌతమికి ఇవతలి ఒడ్డున. గోదారి పాయల మధ్య లంకల్లో ఉన్న అసలు కోనసీమ అటువైపు. అయినా మాటలో, మర్యాదలో, వెటకారంలో రెండు ఒడ్డులకీ తేడా ఏముంటుంది?

ఆ మర్యాద ఎలా ఉంటుందో తెలియాలంటే ఏ వీధిలోనైనా ఓ పావుగంట నిలబడితే చాలు.

'ఏవండీ, అలా గుమ్మంలో నిలబడిపోయారేంటి? లోపలికి రండి. కాఫీ పుచ్చుకుందురుగాని.'

'ఆయ్... ఇప్పుడే ఇంట్లో తాగొచ్చానండి.'

'ఇంట్లో తాగితే తాగారు. మా ఇంట్లో ఓ గుక్కెడు తాగితే కరిగిపోతారా?'

ఇంతే. మరో మాట ఉండదు. గ్లాసు వచ్చేస్తుంది. పెళ్లిచూపుల్లో కాఫీ. పెళ్లివారు దిగితే కాఫీ. పొలం బేరం కుదిరితే కాఫీ, చెడినా కాఫీయే. ఇంత కాఫీ తాగే ఊళ్లో ఆ కాఫీ ఎక్కడ పండుతుందని అడిగితే మాత్రం ఎక్కువమంది చెప్పేది ఒకటే... 'కర్ణాటకలోనండి. కూర్గులో'.

అది సగం నిజమే. దేశంలో పండే కాఫీలో సింహభాగం కర్ణాటకదే. పదిహేడో శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడన్నది మన దేశంలో కాఫీ గురించి చెప్పుకునే మొదటి కథ. కానీ రెండో సగం రామచంద్రపురానికి చాలా దగ్గర్లో ఉంది. ఒకప్పుడు ఆ చోటూ ఈ ఊరూ ఒకే జిల్లా!

ఆ పొడిలో ఏముంది?

ఇష్టం మొదలయ్యేది సాధారణంగా ఓ చిన్న అనుమానంతో. రోజూ తాగే కాఫీ పొడి ప్యాకెట్టు వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో ఓ లెక్క ఉంటుంది. కాఫీ ఇంత శాతం, చికోరీ ఇంత శాతం అని. కాఫీ-చికోరీ మిశ్రమం అమ్మేవారు ఆ లెక్క ప్యాకెట్టు మీద వేసి తీరాలి. చికోరీ 49 శాతం దాటకూడదన్నది నిబంధన. అంటే 'కాఫీ' అని కొనుక్కున్న పొడిలో దాదాపు సగం కాఫీ కాకపోయినా చట్టప్రకారం తప్పు లేదన్నమాట.

చికోరీ ఓ దుంప. ముల్లంగిలా పొడుగ్గా ఊరుతుంది. దాన్ని కోసి, ఎండబెట్టి, వేయించి పొడి చేస్తారు. నెపోలియన్ కాలంలో సముద్రదారులు మూతపడి ఫ్రాన్స్‌కు కాఫీ గింజలు కరువైనప్పుడు చికోరీ వాడకం బాగా పెరిగింది. డికాక్షన్‌కు నల్లటి రంగు, చిక్కదనం, ఓ తియ్యటి చేదు ఇస్తుంది. పాలు ఎక్కువ పోసినా కాఫీ పలచబడినట్టు అనిపించదు. ధర తక్కువ కాబట్టి ప్యాకెట్టూ అందుబాటులో ఉంటుంది. అది విషమేం కాదు. దక్షిణాది ఫిల్టర్ కాఫీ రుచిలో దానికీ వాటా ఉంది. కాకపోతే అందులో కెఫీన్ ఉండదు, కాఫీ వాసనా ఉండదు.

రెండో సంగతి గింజలో ఉంది. మార్కెట్లో దొరికేవి ప్రధానంగా రెండు జాతులు... అరబికా, రోబస్టా. రోబస్టా మొండి మొక్క. తక్కువ ఎత్తులో, వేడిలో కూడా పండుతుంది. చేదు ఎక్కువ, కెఫీన్ అరబికాతో పోలిస్తే ఇంచుమించు రెట్టింపు. అరబికా సుకుమారం. చల్లటి కొండలు, చెట్లనీడ కావాలి. కాయ నిదానంగా పండుతుంది. అందుకే దాని గింజలో తీపి, పులుపు, పరిమళం ఎక్కువ. పొగలొచ్చేదాకా నల్లగా వేయించేస్తే ఈ తేడాలన్నీ మాడిపోతాయి. మిగిలేది చేదు. ఆ చేదు పోవడానికి పాలు, పంచదార.

ఈ నాలుగు ముక్కలూ తెలిశాక ఎవరైనా ఓసారి చికోరీ లేని, మాడ్చని, ఈ మధ్యనే వేయించిన అరబికా పొడి తెప్పించి, పాలు కలపకుండా ఓ గుక్క తాగితే... మొదటి మాట 'ఇదేంటి, పుల్లగా ఉందే!' అనే వస్తుంది. రెండో రోజు అంత పులుపనిపించదు. నాలుగో రోజు చల్లారాక అడుగున మిగిలిన గుక్కలో బెల్లం లాంటి తీపి తగులుతుంది. వారం తిరిగేసరికి పాత కాఫీలో ఏదో తక్కువైనట్టు ఉంటుంది. రుచి మరగడమంటే అదే!

మార్కులేసే నాలుక

ఇలాంటి కాఫీకి 'స్పెషాలిటీ కాఫీ' అనే పేరు 1974 నుంచి ఉంది. అమెరికాలో ఎర్నా క్నట్సన్ అనే కాఫీ వ్యాపారి ఓ వాణిజ్య పత్రికలో ఆ మాట వాడారు. ఒక్కో నేల, ఒక్కో ఎత్తు, ఒక్కో వాతావరణం గింజకు ఒక్కో రుచినిస్తాయని, దాన్ని విడిగా చూడాలని ఆమె ఉద్దేశం. కోనసీమ వాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఏ తోట మామిడి ఏ రుచో, ఏ లంక అరటి ఎంత తీపో కళ్లు మూసుకుని చెప్పగలరు. కాఫీకీ అదే లెక్క.

మరి ఏది స్పెషల్, ఏది కాదు? దానికో పరీక్ష ఉంది. పేరు కప్పింగ్. 150 మిల్లీలీటర్ల వేడినీళ్లకు 8.25 గ్రాముల పొడి. నాలుగు నిమిషాలాగి పైన తేలిన తెట్టును చెంచాతో పక్కకు నెట్టి వాసన చూస్తారు. తర్వాత చెంచాతో తీసుకుని గట్టిగా జుర్రుతారు. మర్యాద తప్పినట్టు కనిపిస్తుంది గానీ ఆ జుర్రడంలోనే కిటుకుంది. కాఫీ తుంపర్లుగా నోరంతా పరుచుకుని, పరిమళం ముక్కు దాకా వెళుతుంది. వాసన, రుచి, పులుపు, చిక్కదనం, తాగాక నోట్లో మిగిలే రుచి... అన్నింటికీ మార్కులేస్తారు. వందకు 80, ఆపైన వస్తే స్పెషాలిటీ. చాలా ఏళ్లుగా ప్రపంచమంతా పాటించిన కొలత ఇది. ఈ విద్యలో మన దేశానికి పేరు తెచ్చినవారు సునాలినీ మేనన్. కాఫీ బోర్డులో పనిచేసి, తర్వాత బెంగళూరులో సొంతంగా కాఫీల్యాబ్ పెట్టిన ఆమెను ఆసియాలోనే తొలి మహిళా కాఫీ టేస్టర్‌గా చెబుతారు.

మన దేశంలో ఇంతకాలం ఇలాంటి కాఫీ ఎందుకు రాలేదన్నదానికీ ఓ కారణముంది. 1942లో చట్టం తెచ్చి కాఫీ బోర్డు పెట్టారు. రైతులు పండించిన గింజంతా బోర్డుకే ఇవ్వాలి. బోర్డు అందరిదీ కలిపి అమ్మి, డబ్బు పంచేది. ధర పడిపోయే రోజుల్లో అది రైతుకు అండే. కానీ ఒళ్లొంచి మంచి గింజ తీసినవాడిదీ, ఎలాగోలా కోసి తెచ్చినవాడిదీ ఒకే కుప్పలో పడేది. 1990ల మధ్యకు వచ్చేసరికి ఆ పద్ధతి పోయింది. రైతు తన గింజను తన పేరుతో అమ్ముకునే వీలొచ్చింది. తోట పేరు, కొండ పేరు ప్యాకెట్టు మీదికెక్కడం ఆ తర్వాతి మాటే.

పాములేరు ఒడ్డున...

ఇక దారి పట్టాలి. రామచంద్రపురం నుంచి మండపేట మీదుగా రాజమండ్రి. అక్కణ్నుంచి గోకవరం, రంపచోడవరం దాటి మారేడుమిల్లి. రాజమండ్రి నుంచి సుమారు 85 కిలోమీటర్లు. గోకవరం దాటాక వరిచేలు వెనకబడతాయి. రోడ్డుకు రెండువైపులా టేకు, వెదురు దగ్గరికొస్తాయి. గాలి మారుతుంది. ఆదివారాల్లో ఈ దారంతా కార్లే. బొంగు చికెన్ కోసం, జలపాతాల కోసం, 'పుష్ప' సినిమా తీసిన అడవి చూడ్డం కోసం వస్తారు జనం. మారేడుమిల్లి దగ్గర పాములేరు వాగులో కాళ్లు పెట్టుకుని కూర్చుని, ఫొటోలు దిగి తిరిగి వెళ్లిపోతారు.

ఆ వాగు పేరే ఆంధ్ర కాఫీ చరిత్రలో మొదటి పేజీలో ఉంటుందని చాలామందికి తెలీదు. 1898లో బ్రాడీ అనే ఆంగ్లేయుడు ఈ పాములేరు లోయలోనే కాఫీ మొక్కలు నాటించాడు. ఆంధ్రలో అదే తొలి సాగు అని చెబుతారు. అంటే కాఫీ గోదావరి మన్యానికి వచ్చి నూటపాతికేళ్లు దాటింది. కొండ మీద మొక్క, కింద డెల్టాలో కాఫీ తాగే జనం. మధ్యలో 150 కిలోమీటర్లు కూడా లేవు. అయినా ఆ గింజా ఈ గ్లాసూ కలవలేదు. డెల్టాకు కాఫీ వచ్చింది మద్రాసు వైపు నుంచి... కాఫీ హోటళ్లతో, ఫిల్టర్లతో, పొడి డబ్బాలతో.

అల్లూరి నడిచిన దారి

రంపచోడవరం నుంచి ఇంకో రోడ్డు తూర్పుగా పోతుంది. రాజమండ్రిని విజయనగరంతో కలిపే 516ఈ జాతీయ రహదారి. అడ్డతీగల, రాజవొమ్మంగి, కొయ్యూరు, కృష్ణదేవిపేట, లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు... పేర్లు వింటుంటే చరిత్ర పాఠం చదువుతున్నట్టే ఉంటుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం వరసగా దాడిచేసి తుపాకులు పట్టుకెళ్లింది. 1924 మే 7న ఆయన్ని కాల్చిచంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఆ దారిన వెళ్లేవాళ్లు ఆగి దండం పెట్టుకుని వెళతారు.

ఆ తిరుగుబాటుకు ఓ మూలం అడవి. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత అడవి మీద ఆంక్షలు బిగిశాయి. కొండవాలు నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తనాలు చల్లే పోడు వ్యవసాయం నేరమైంది. బతుకుతెరువు పోయింది. తర్వాతి ప్రభుత్వాలకూ ఇదే చిక్కుముడి. పోడు సాగితే అడవి పోతుంది, ఆపితే మనిషి బతకడు. ఆ ముడికి వెతికిన జవాబుల్లో కాఫీ ఒకటి. ఎందుకంటే కాఫీకి నీడ కావాలి. నీడ కావాలంటే చెట్టుండాలి. చెట్టును కొట్టకుండా కాపాడుకుంటేనే పంట!

1960ల్లో అటవీశాఖ రిజర్వు అడవుల్లో పదివేల ఎకరాల దాకా కాఫీ వేసింది. 1985లో ఆ తోటలు అటవీ అభివృద్ధి సంస్థ చేతికెళ్లాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ 1970ల మధ్య నుంచి గిరిజనుల చేత కాఫీ వేయించడం మొదలెట్టింది. తర్వాత కుటుంబానికి రెండేసి ఎకరాల చొప్పున తోటలు వాళ్లకే అప్పగించారు. 1976లో చింతపల్లి దగ్గర ఆర్‌వీ నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం వచ్చింది. ఆ పైన పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఆ పనిని అందుకుంది. ఇవాళ ఈ కొండల్లో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. రెండు లక్షలకు పైగా గిరిజన కుటుంబాలకు అది ఆధారం. కర్ణాటకలో వందల ఎకరాల ఎస్టేట్లు కనిపిస్తాయి. ఇక్కడ అలా కాదు. ఒక్కో ఇంటికి ఒకటీ రెండెకరాలు... ఇంటి వెనక తోటలా.

లంబసింగి ఘాటీ ఎక్కాక చలి తెలుస్తుంది. చింతపల్లి, పాడేరు, అరకు ప్రాంతాలు సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటాయి. నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకున్న మిరియాల తీగలు, కింద మనిషెత్తు కాఫీ పొదలు. ఒకే జాగాలో రెండు పంటలు. ఓ ఏడాది కాఫీ దెబ్బతింటే మిరియం ఆదుకుంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఓ మంచి వాన పడితే చాలు, పది రోజుల్లో పొదలన్నీ తెల్లగా పూస్తాయి. కొండంతా మల్లెలు ఆరబోసినట్టు వాసన. పూత రెండుమూడు రోజులకే రాలిపోతుంది. కాయ పండటానికి మాత్రం ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా కోతలు.

ఎర్రటి పండుకే విలువ

కాఫీ గింజ అనేది నిజానికి పండులో విత్తనం. పండు ఎర్రగా, రేగుపండులో సగమంత ఉంటుంది. నోట్లో వేసుకుంటే తియ్యటి జిగురు. లోపల రెండు గింజలు. ఒకే గింజ గుండ్రంగా ఉంటే అది పీబరీ. పాతకాలం కాఫీ కొట్లలో 'ప్లాంటేషన్ ఎ', 'పీబరీ' అని అడిగి మరీ పట్టించుకునేవారు. ఆ పీబరీ ఇదే.

ఒకే కొమ్మ మీద పచ్చికాయ, దోరకాయ, పండు... మూడూ ఉంటాయి. ఎర్రటివి మాత్రమే ఏరాలంటే ఒకే పొద దగ్గరికి నాలుగైదుసార్లు రావాలి. అన్నీ ఒకేసారి దూసేస్తే ఒక్కరోజులో పనైపోతుంది. కానీ ఓ గంపలో నాలుగు పచ్చికాయలు పడితే కప్పులో పచ్చివగరు తెలిసిపోతుంది. కోసిన రోజే పైతోలు తీయాలి. జిగురు పోయేదాకా పులియబెట్టి, కడిగి, మంచెల మీద పరిచి, తేమ పదకొండు శాతానికి వచ్చేదాకా ఆరబెట్టాలి. వాన పడితే ఎత్తాలి, ఎండ కాస్తే తిప్పాలి. ఇది 'కడిగిన కాఫీ'. పండును పండుగానే ఎండబెడితే 'నేచురల్'. జిగురు కొంత ఉంచి ఎండబెడితే 'హనీ'. పేరులోనే తేనె, అందులో చుక్క తేనె కూడా ఉండదు!

ఓ లెక్క చూడండి. కిలో పచ్చిగింజ రావాలంటే ఐదారు కిలోల పండు కోయాలి. వేయించేటప్పుడు అందులో ఆరో వంతు బరువు ఆవిరైపోతుంది. అంటే 250 గ్రాముల పొడి ప్యాకెట్టు వెనక ఇంచుమించు కిలోముప్పావు పండు ఉంటుంది. ఒక్క కప్పు నల్లకాఫీకి పట్టే 15 గ్రాముల పొడికి వంద గ్రాముల పండు. ఒక్కొక్కటీ చేత్తో ఏరినవి.

ఇంత శ్రమా చేసినా, చేయకపోయినా సంతలో ఒకే రేటు పలికితే ఎవరు మాత్రం నాలుగుసార్లు కొమ్మ దగ్గరికి వెళతారు? చాలా ఏళ్లు జరిగిందదే. దళారి వచ్చి ముందే అప్పిచ్చి, పంట మొత్తం తీసుకెళ్లేవాడు. గిరిజన సహకార సంస్థ ఏటా ధర ప్రకటించి కొనడం వల్ల ఆ దళారీల పట్టు కొంత సడలింది. నాంది ఫౌండేషన్ సాయంతో రైతుల సహకార సంఘం వచ్చింది. పండును పండుగానే కొని, ఒకేచోట శుభ్రం చేయడం మొదలైంది. ఏ ఊరి కాఫీ బాగుందో తేల్చడానికి కప్పింగ్ పోటీలు పెట్టారు. విదేశాల నుంచి వచ్చిన టేస్టర్లు గిరిజన రైతుల కాఫీకి మార్కులేశారు.

ప్యారిస్ దాకా...

2017లో 'అరకు' పేరుతో ప్యారిస్‌లో కాఫీ దుకాణం తెరిచారు. 2018లో అక్కడి ప్రి ఎపిక్యూర్ పోటీలో అరకు కాఫీకి బంగారు పతకం వచ్చింది. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే ఆ కొండల్లో పండని గింజను ఆ పేరుతో అమ్మకూడదు. 2023లో ఢిల్లీ జీ20 సమావేశాలకు వచ్చిన దేశాధినేతలకిచ్చిన కానుకల్లో అరకు కాఫీ ఉంది. 2024 జూన్‌లో ప్రధాని 'మన్ కీ బాత్'లో దాని గురించి మాట్లాడారు. 2025లో పార్లమెంటు ఆవరణలో స్టాల్ పెట్టారు.

రామచంద్రపురానికి గంట ప్రయాణంలో యానాం ఉంది. 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనలో ఉన్న ఊరు. ఫ్రాన్స్ రాజధానిలో వాళ్లు మెచ్చుకున్న కాఫీ, ఒకప్పటి వాళ్ల యానాం పక్కనున్న ఊళ్లో మాత్రం ఆలస్యంగా ఆరా తీయాల్సి రావడం... కాస్త విచిత్రమే!

పేరొచ్చిందని కష్టాలు పోలేదు. 2025 ఆగస్టులో అరకు ప్రాంతపు తోటల్లో కాఫీకాయ తొలిచే పురుగు కనిపించింది. నువ్వుగింజ కన్నా చిన్నది. ఆడపురుగు కాయకు చిల్లుపెట్టి లోపల గుడ్లు పెడుతుంది. పిల్లలు గింజనే తినేస్తాయి. మన దేశంలో మొదటిసారి 1990లో నీలగిరుల్లో కనిపించింది. మన్యం దాకా రావడానికి ముప్పై అయిదేళ్లు పట్టింది. పురుగు పట్టిన తోటల్లో కాయలన్నీ దూసి నాశనం చేయాల్సి వచ్చింది. నేలరాలిన కాయ ఒక్కటి మిగిలినా పురుగు అందులో బతికేస్తుంది. పురుగుమందు లోపలిదాకా వెళ్లదు. కాబట్టి మందు కన్నా చేతి శుభ్రమే ముఖ్యం. ఎకరం రెండెకరాల రైతుకు ఓ ఏడాది పంట పోవడమంటే ఇల్లు గడవకపోవడమే.

అందుకే ఈ రుచి సరదా మాత్రమే అనుకోవడానికి లేదు. ఎర్రటి పండుకూ పచ్చికాయకూ తేడా తెలిసిన నాలుకలు పెరిగితేనే, ఆ తేడాకు రెండు రూపాయలు ఎక్కువిచ్చే చేతులు పెరుగుతాయి. అది కొండ మీద తోట శుభ్రంగా ఉంచుకునే ఓపికనిస్తుంది. చెట్టును నిలబెడుతుంది.

వంటింట్లో పేచీ

కొత్త కాఫీ ఇంట్లోకి రావడం అంత తేలికేం కాదు. మనవడు ప్యాకెట్టు తెస్తే తాతయ్య ఓ గుక్క తాగి 'కషాయంలా ఉందిరా అబ్బాయ్' అనడం ఖాయం. నానమ్మకు పాలు పోయకపోతే అది కాఫీయే కాదు. ఇంటాయన 'ఇంత రేటా?' అంటాడు. ముగ్గురి మాటలోనూ న్యాయముంది.

రేటు సంగతి ముందు. 250 గ్రాముల ప్యాకెట్టు 500 రూపాయలనుకుంటే పదహారు కప్పులొస్తాయి. కప్పుకు ముప్పై రూపాయల పైచిలుకు. ఊళ్లో హోటల్ కాఫీ కన్నా ఎక్కువే, సిటీ కెఫేలో ఇచ్చేదానికన్నా చాలా తక్కువ. రోజుకు ఆరుసార్లు తాగే ఇంటికి ఇది కుదరదు. పొద్దున్నే ఒకటి శ్రద్ధగా పెట్టుకుని, మిగతా వేళల్లో పాత కాఫీయే తాగితే ఎవరికీ నష్టం లేదు.

నానమ్మ మాటకొస్తే, పాలు పోసుకోవడం నేరం కాదు. అరకు అరబికాను కాస్త ముదురుగా వేయించిన పొడి, చికోరీ లేకుండా, ఇంట్లో ఉన్న స్టీలు ఫిల్టర్లోనే వేసి డికాక్షన్ తీస్తే పాలతో బ్రహ్మాండంగా ఉంటుంది. పంచదార సగానికి తగ్గించినా సరిపోతుంది. ఒకప్పుడు ఇళ్లలో గింజలు తెచ్చి, మూకుట్లో వేయించి, చేతిమరలో విసిరి కాఫీ కాచేవారు. ఆ వాసన వీధి చివరిదాకా వచ్చేదని పాతతరం వాళ్లు ఇప్పటికీ చెబుతారు. వాళ్లు తాగింది అప్పటికప్పుడు వేయించిన గింజే. తాతయ్యకు ఆ మాట గుర్తుచేస్తే, కషాయమన్నవాడే రెండో గుక్క అడుగుతాడు!

డెల్టాలో ఉండేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి ఇంకో రెండు. ఒకటి, గాలిలో తేమ. రామచంద్రపురం లాంటి చోట పొడి డబ్బా మూత సరిగా పెట్టకపోతే నాలుగు రోజుల్లో ఉండకడుతుంది, వాసన పోతుంది. రెండు, నీళ్లు. నల్లకాఫీలో 98 శాతానికి పైగా నీళ్లే. బోరునీళ్లు ఉప్పగా ఉంటే ఎంత మంచి గింజైనా వృథా. మరీ వడకట్టి సారం తీసేసిన నీళ్లయితే కాఫీ చప్పగా వస్తుంది. గోదారినీళ్ల తీపి గురించి గొప్పలు చెప్పుకునేవాళ్లు ఆ గొప్ప కాఫీలో చూపించొచ్చు.

మీరూ పెట్టుకుంటారా?

* ప్యాకెట్టు మీద 'వంద శాతం కాఫీ' అని ఉందో లేదో చూడండి. 'అరకు' అని పెద్దక్షరాలు వేసి, వెనక చికోరీ శాతం చిన్నక్షరాల్లో రాసినవీ ఉంటాయి.

* గడువు తేదీ కన్నా వేయించిన తేదీ ముఖ్యం. నెలలోపు గింజ అయితే మంచిది. గింజలుగా కొని, ఏ రోజుకారోజు పొడి చేసుకుంటే ఇంకా మంచిది. ఒకేసారి కిలో కొనొద్దు.

* కప్పుకు 15 గ్రాముల పొడి, 240 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లు మరిగాక దించి అర నిమిషం ఆగండి. పేపర్ ఫిల్టర్లో పొడి వేసి ముందు కొద్దిగా నీళ్లు పోసి తడపండి. పొడి పొంగుతుంది. పొంగకపోతే అది పాతదని అర్థం. తర్వాత మిగతా నీళ్లు సన్నటి ధారగా పోయండి. మూడు నిమిషాల్లో అయిపోవాలి.

* పుల్లగా, నీళ్లగా ఉంటే పొడి ఇంకాస్త మెత్తగా చేయండి. చేదెక్కితే బరకగా చేయండి.

* వెంటనే తాగేయొద్దు. రెండు నిమిషాలాగితే తీపి తెలుస్తుంది.

* కాఫీతోటలు చూడాలంటే పూతకు మార్చి, ఏప్రిల్. పండు చూడాలంటే డిసెంబరు. తోటలోకి వెళ్లేముందు ఆ ఇంటివాళ్లని అడిగి వెళ్లండి. కాయ కోయొద్దు, వెంట తెచ్చుకోవద్దు. పురుగు ఓ తోట నుంచి ఇంకో తోటకు వెళ్లేది ఇలాంటి కాయలతోనే. తిరిగొచ్చేటప్పుడు గిరిజన సహకార సంస్థ దుకాణంలో ఓ ప్యాకెట్టు, పక్కనే కాసిని మిరియాలు కొనుక్కుంటే ఆ రెండూ ఒకే చెట్టునీడలో పెరిగినవని ఇంటికెళ్లి పిల్లలకు చెప్పొచ్చు.